కోశాధికారి అడిగిన కొసరు

పూర్వం ఒక రాజుగారు నాణేలకు బదులు ముద్రబిళ్లలు తెచ్చారు. వచ్చిన బిళ్లల్ని వ్యాపారులు ఖజానాలో మార్చుకోవాలి. దాంతో ఎవరి అమ్మకం ఎంతో ఖజానాకి తెలిసిపోతుంది. పెద్ద అంగళ్లవాళ్లు సరేనన్నారు గానీ, వీధిలో బుట్టలు పెట్టుకునేవాళ్లు పాత నాణేలే తీసుకునేవారు, బిళ్లను ముట్టుకుంటే ఒట్టు!

కోశాధికారి మండిపడ్డాడు. "దొంగలు ప్రభూ! బజారు నుంచి వెళ్లగొడదాం" అంటూ రాజుగారిని వెంటబెట్టుకొచ్చాడు. మొదటి బుట్ట గుగ్గిళ్ల నాంచారమ్మది. బుట్ట పోతే పొయ్యి ఆరినట్టే. అయినా ఆమె భయం పైకి తేలనివ్వలేదు.

"ముందు రుచి చూడండి బాబూ" అంటూ సోలెడు గుగ్గిళ్లు అంచుకు సమంగా కొలిచి, కోశాధికారి దొప్పలో పోసింది.

ఆయన దొప్ప వెనక్కి తీయలేదు. "కొసరేదీ?"

"కొలత సరిపోయిందిగా బాబూ."

"కొసరు వెయ్యకపోతే నీ దగ్గరెవరు కొంటారు? పక్క బుట్టకి పోతాను!"

"మేమూ అదే చేశాం బాబూ. బిళ్ల పుచ్చుకుంటే మీకు మా లెక్క తెలుస్తుంది, పన్నూ వస్తుంది. మరి మాకు కొసరేదీ?"

రాజుగారు పకపకా నవ్వారు. "ఏం కావాలో అడుగు."

"వానాకాలం మాకు బేరాలుండవు ప్రభూ. వడ్డీవ్యాపారి గిన్నెలతో సహా తాకట్టు పెట్టుకుంటాడు. బిళ్లలతో మా అమ్మకం మీకు తెలుస్తుంది కదా, ఆ నమ్మకం మీద ఖజానాయే అప్పివ్వాలి."

"ఇచ్చాం!" అన్నారు రాజుగారు.

నాంచారమ్మ సంతోషంగా గుప్పెడు కొసరు వేసింది. కోశాధికారి అలవాటుగా మొలలోంచి నాణెం తీశాడు.

"అదెందుకు బాబూ," అందామె చెయ్యి చాచి, "బిళ్లే ఇవ్వండి!"