నిండుకుండ మోసిన రథం

రథం తగిలి మనిషి పడితే తప్పు నడిచేవాళ్లదేనా, మీరే చెప్పండి?

తెల్లవారుజామున మంచు పాలలా పరుచుకున్న దారి మలుపులో కుమ్మరి గవరమ్మ పూర్ణకుంభంతో నిలబడింది. నెల కిందట దండనాయకుడి రథం ఇక్కడే ఆమె పెనిమిటి కాలు విరిచింది. ఇప్పుడు బంకమట్టికి కూతురు రోజూ ఈ దారే దాటుతోంది.

పూర్ణకుంభం ఎదురొస్తే రథం ఆగాల్సిందే. ఆగింది.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి దొరా."

"నా రథం ఎప్పుడూ నెమ్మదే. మీరే చూసుకుని నడవాలి," అన్నాడు దండనాయకుడు.

"చిత్తం. మా వాడ మర్యాదగా దీన్ని రాజుగారికి అందించండి. చుక్క ఒలికినా రాజ్యానికి అరిష్టం," అంటూ అంచుదాకా నిండిన కుండను ఆయన ఒడిలో పెట్టింది.

ఆ పూట రథం కలలో పడవలా సాగింది. గవరమ్మ కూతురు తట్టతో దాని ముందే నింపాదిగా దాటింది.

కోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆలస్యమెందుకని అడిగిన రాజుకు దండనాయకుడు జరిగిందంతా చెప్పాడు.

"ఎప్పుడూ నెమ్మదేనంటివి. మరి ఈ రోజే ఆలస్యమేం?"

దండనాయకుడు కుండను రాజు ముందు దించాడు. సాయంత్రానికి సీమలన్నిటికీ రాజాజ్ఞ వెళ్లింది: ఊళ్లో తిరిగే ప్రతి రథంలో నిండుకుండ ఉండాలి, ఒలికితే ఎక్కినవాడు దిగి నడవాలి.

మీ ఊరి మలుపుకీ ఓ కట్టడి కావాలని పాలకుల్ని ఇవాళే వెళ్లి అడగండి. ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.