తాడుతో పేల్చిన తుపాకీ

ఒకప్పుడు ఒక సంస్థానంలో సైన్యానికి కొత్త తుపాకులు కొనాల్సి వచ్చింది. దివాను బావమరిది శేషగిరి కార్ఖానాలో చేసినవి గట్టివా, వీరాచారి కొలిమిలో చేసినవి గట్టివా తేల్చడానికి రాజు మైదానంలో పరీక్ష పెట్టాడు. తుపాకులను గుంజలకు కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చారు. రెండూ బాగానే పేలాయి. నునుపు చూసి శేషగిరి తుపాకీయే మేలన్నాడు దివాను.

అప్పుడు జనంలోంచి ఓబులమ్మ ముందుకొచ్చింది. ఆమె కొడుకు సిపాయి. శేషగిరి చేసిన తుపాకీ చేతిలోనే పగిలి నిరుడు చనిపోయాడు. మందు ఎక్కువ కూరుకున్నాడని తప్పంతా వాడి మీదే తోసేశారు.

"దొరా, ఎవరి తుపాకీ వాళ్ళనే భుజానికి ఆనించుకుని పేల్చమనండి," అంది ఓబులమ్మ.

వీరాచారి మారుమాట లేకుండా పేల్చాడు. శేషగిరి మాత్రం కదల్లేదు.

"నాకు అలవాటు లేదు ప్రభూ. తాడుతోనే పేలుస్తాను," అన్నాడు.

"నా కొడుక్కి తాడు ఎవరూ ఇవ్వలేదయ్యా," అంది ఓబులమ్మ.

రాజు వీరాచారికే పని అప్పగించి, ఆమె వైపు తిరిగాడు. "ఈ మాట నిరుడే వచ్చి చెప్పకపోయావేం?"

"వచ్చాను దొరా. దివానుగారు కోట గుమ్మం దాటనివ్వలేదు. అప్పటికి పోయింది నా బిడ్డ ఒక్కడే. ఆ తర్వాత ఇంకో ముగ్గురు పోయారు."