మేనమామ ఎత్తిన గంప

అనగనగా, ఊరికీ ఊరికీ నడుమ వెదురు వనాలుండే కాలంలో, ఏటిపాలెం అనే ఊళ్లో పానకాలశెట్టి ఉండేవాడు. ఆయనది బెల్లం కొట్టు. వచ్చిన ప్రతి బుట్టలోంచీ ఒక ముక్క నోట్లో వేసుకోందే లోపల పెట్టనిచ్చేవాడు కాదు. కొట్టు ఇంటికి రెండు వీధుల దూరమే అయినా బండిమీదే వెళ్లేవాడు. మనసు మాత్రం వెన్న. చనిపోయిన అక్క కూతురు మాణిక్యాన్ని కంటికి రెప్పలా పెంచాడు.

మాణిక్యానికి పెళ్లి కుదిరింది. మాఘంలో ముహూర్తం, ఇంకా ఎనిమిది నెలల గడువుంది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మండపానికి మోసుకురావాలి కదా! శెట్టికి నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం.

"వరసకు మేనమామ అయ్యేవాణ్ణి ఎవరినైనా పిలిపిద్దాం" అన్నారు చుట్టాలు.

"నువ్వు ఎత్తకపోతే నేనసలు గంపలో కూర్చోను మావయ్యా" అంది మాణిక్యం.

శెట్టికి కళ్లనీళ్లు తిరిగాయి. పాపం, ఆయనకు మాత్రం మోయాలని ఉండదా?

మొదట కటిక ఉపవాసం పట్టాడు. మూడోనాడు కళ్లు తిరిగి పడ్డాడు, లేచి అరిసెల కుండ ఖాళీ చేశాడు. తర్వాత సంతలో ఎవడో అమ్మిన లేహ్యం మింగాడు. వారం రోజులు చెంబుతోనే కాపురం. ఆపైన ఒక్క పూటలో కరిగిపోవాలని కొండ చుట్టూ పరుగెత్తాడు. మోకాళ్లు బూరెల్లా పొంగాయి. వాటిని చూసినా ఆయనకు బూరెలే గుర్తొచ్చాయి!

చివరికి సిగ్గు విడిచి, గంపలల్లే మేదరి గురవమ్మ దగ్గరికి వెళ్లాడు.

"గురవమ్మా, పెళ్లికి బాగా తేలికైన గంప అల్లిపెట్టవూ?"

గురవమ్మ నవ్వలేదు. జాలిగా చూసింది. "గంప ఇప్పుడే పట్టుకుపోండి శెట్టిగారూ. రేపట్నుంచి బండి మానేసి, ఖాళీ గంప ఎత్తుకుని కొట్టుకు నడవండి. వారానికో మానెడు వడ్లు అందులో పోస్తూ పొండి. జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ తినండి. కడుపు నిండకముందే లేవండి. బెల్లం పండక్కే."

"ఇలా అయితే ఎన్నాళ్లకు తగ్గుతానే?"

"ఎన్నేళ్లకు పెరిగారు బాబూ?"

శెట్టి గంప చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు ఖాళీ గంప మోస్తుంటే వీధి వీధంతా నవ్వింది. శ్రావణంలో ఒకరోజు ఆరు బొబ్బట్లు తినేసి, కుమిలిపోయాడు. అయినా తెల్లారగానే మళ్లీ గంప ఎత్తాడు.

మాఘం వచ్చింది. శెట్టి ఇంకా కాస్త బొద్దుగానే ఉన్నాడు. కానీ మాణిక్యం కూర్చున్న గంపను ఎక్కడా ఆగకుండా మండపానికి తెచ్చాడు.

"బరువుగా ఉన్నానా మావయ్యా?"

"నిన్నటి వడ్లకంటే నువ్వే నయం తల్లీ!"

పెళ్లయిన మర్నాడు అప్పగింతలు కాగానే ఆయన మళ్లీ గంప ఎత్తుకుని బయల్దేరాడు. అత్తారింటికి వెళ్తున్న మాణిక్యం బండిలోంచి చూసి ఆశ్చర్యపోయింది.

"పెళ్లయిపోయిందిగా మావయ్యా, ఇంకా గంపెందుకు?"

"రేపు నీ పిల్లల్ని ఎత్తుకుని ఊరంతా తిప్పొద్దటే?" అన్నాడు శెట్టి.

చూశారా పిల్లలూ, ఒంటిని ఒక్కరోజులో వంచాలనుకుంటే అది ఎదురు తిరుగుతుంది. రోజూ కాస్త నడిచి, కాస్త తగ్గించి తినేవారికి కలకాలం తోడుంటుంది.