ఒక్క గాడిలో మసి

మోటారు కాలిపోతే ఎవరి తప్పో విప్పకుండానే చెప్పగలనని ఈరన్నకు గర్వం. ఎమ్మిగనూరులో ఉస్తాద్ హుస్సేన్ పీరా దగ్గర ఏడేళ్లుగా మోటార్లకు తీగ చుడుతున్నాడు.

ఒక పొద్దున సుంకులమ్మ కాలిన మోటారును ఆటోలో వేసుకొచ్చింది. రెండెకరాల మిరప ఆమెది. కాయ పట్టే వేళ నాలుగు రోజులుగా చేనుకు నీళ్లు లేవు.

"మీరు చుట్టిచ్చి నెల కాలేదు నాయనా."

"స్టార్టరు మీట దానంతటది పడి మోటారును ఆపకుండా తాడు కట్టినావా?" అన్నాడు ఈరన్న.

"కట్టినా. లేదనను. కరెంటు ఎప్పుడొస్తుందో దేవునికే ఎరుక. పొద్దస్తమానం మోటారు కాడ కావలుండమంటావా?"

దుకాణం ముందు పదిమంది రైతులున్నారు. ఈరన్న లేచి నిలబడి అరిచాడు. "విన్నారా అయ్యా! తాళ్లు కట్టి మోటార్లను చంపేది మీరు, మాట పడేది మేము!"

సుంకులమ్మ తల దించుకుంది. పేదదాన్ని దోషిని చేయడానికి ఎవరికీ రుజువు అక్కర్లేదు. ఒక్క తాడు చాలు.

"విప్పు," అన్నాడు ఉస్తాద్.

ఈరన్న మూత విప్పాడు.

"చదువు."

ఆ చదువు ఈరన్నకు వచ్చు. మూడు ఫేజుల్లో రెండు మాడి ఒకటి మెరుస్తుంటే, లైనులో ఒక ఫేజు పోయినట్టు. తీగంతా ఒకే తీరుగా మాడితే, మోయలేని బరువు మోసినట్టు. తాడు కట్టిన మోటారు అలాగే పోతుంది.

ఇక్కడ తీగంతా తేనె రంగులో నిగనిగలాడుతోంది. తీగ కూర్చునే గాడుల్లో ఒక్కదాని అంచున మాత్రం గోరంత మసి. తీగ కింద పరిచిన కాగితం అక్కడ చిరిగి, రాగి కరిగి ఇనుముకు అంటుకుంది.

అది చుట్టినవాడి తప్పు. పక్కనే తీగను బిగించిన దారపు ముడి ఎడమచేతి వాటం. ఆ దుకాణంలో ఎడమచేతివాడు ఉస్తాద్ ఒక్కడే.

నలభై ఏళ్ల పేరు ఉస్తాద్‌ది. ఆ మసిని చదవగలిగినవాడు రైతుల్లో ఒక్కడూ లేడు. ఈరన్న అరచేత్తో గాడిని కప్పేశాడు.

"తేమ పట్టిందేమో ఉస్తాద్..."

ముసలాయన ఆ చేతిని మెల్లగా పక్కకు తీశాడు. సుంకులమ్మను పిలిచి, టార్చి వేసి మసిని చూపించాడు.

"తప్పు ఎవరిదో ఆమెకు చెప్పు."

"మనదే పెద్దమ్మా," అని గొణిగాడు ఈరన్న. "నీ తాడుది కాదు."

ఉస్తాద్ లోపలికి వెళ్లాడు. తనకున్న ఒక్క స్పేరు మోటారును తానే దొర్లించుకుంటూ తెచ్చి ఆటో ఎక్కించాడు.

"ముందు చేను తడుపు తల్లీ. ఇది మళ్లీ నేనే చుడతాను."

ఈరన్న ఆయన ముఖంలోకి చూశాడు. సిగ్గు కనబడలేదు. కోపమూ లేదు. నమాజుకు వంగినప్పుడు ఉండే ముఖం అది. ఏడేళ్లు పక్కనే కూర్చున్నా, ఈ మనిషిని ఇవాళే చూస్తున్నట్టు ఈరన్నకు అనిపించింది.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ రైతుల వైపు చూపించాడు.

"వాళ్లకు వినపడలేదు బేటా. ఆమె తప్పు అన్నప్పుడు ఎంత గట్టిగా అరిచావో, అంత గట్టిగా చెప్పు."