పచ్చిగడ్డిలో సగం వాటా

కొండ కింద వాగు మలుపు తిరిగే చోట, ఒక చిన్న గడ్డి బీడులో ముగ్గురు పొత్తు వ్యవసాయం చేసుకుంటూ బతికేవారు. ఒకడు బొల్లయ్య అనే ఎద్దు. ఒకామె చుక్కమ్మ అనే మేక. మూడోవాడు కొండలు అనే కోతి. వాళ్ళ పంట గడ్డే. వానాకాలమంతా ఏపుగా పెరిగిన గడ్డిని స్వాతి కార్తెలో కోసి, ఎండబెట్టి, వామి వేసుకుంటే వేసవి గడిచేది. కొండలు గడ్డి తినడు. కానీ కొడవలి పట్టడానికి చేతులున్నది వాడొక్కడికే కాబట్టి, కోసినందుకు చుక్కమ్మ పాలూ, వామి మీద మెత్తటి పడకా వాడికి ముట్టేవి.

పోయిన వేసవి మాత్రం సరిగా గడవలేదు. గడ్డి అయిపోయి, ఆకలికి తాళలేక, బొల్లయ్యా చుక్కమ్మా కలిసి పనిముట్ల పాక కప్పు పీక్కుని తిన్నారు. తిన్నన్నాళ్ళూ బాగానే ఉంది. తొలకరి వాన పడేసరికి కొడవళ్ళు, గడ్డి ఎత్తే పంగలకర్ర, మోకులు, బండి అన్నీ నిలువునా తడిసిపోయాయి. బొల్లయ్య వాటి ముందు నిలబడి తల అడ్డంగా ఊపుతుంటే, ఆముదపాకు నెత్తిన పెట్టుకుని నక్క పానకాలు వచ్చాడు.

"అయ్యో మావయ్యా, ఎంత పని జరిగింది! నా బొరియలో చుక్క నీరు చేరదు. ఈ సామానంతా అక్కడ పెట్టుకో. నీదీ నాదీ అని తేడా చూస్తానా నేను?"

బొల్లయ్య మంచివాడు. ఎదుటివాడు కూడా మంచివాడే అనుకోవడం అతనికి అలవాటు. "సంతోషం అల్లుడూ" అని సామాను మోసుకెళ్ళి అప్పగించాడు. బండి బొరియలో పట్టలేదు. పానకాలు చుట్టూ తిరిగి చూసి, చక్రాలు ఊడిపోకుండా ఇరుసుకు దిగ్గొట్టే రెండు ఇనప శీలలూ పీక్కుని, "ఇవి పోతే మళ్ళీ దొరకవు మావయ్యా, భద్రంగా ఉంచుతాను" అంటూ లోపల పెట్టుకున్నాడు.

వానలు వెళ్ళాయి. పాకకు కొత్త కప్పు పడింది. బీడులో గడ్డి బొల్లయ్య పొట్టకు తగిలేంత ఎత్తు పెరిగింది. ఒక పొద్దున బొల్లయ్య పానకాలు బొరియ ముందుకెళ్ళి పిలిచాడు.

"అల్లుడూ, సామాను తీసుకెళ్తాను. కోతలు మొదలుపెట్టాలి."

పానకాలు ఆవులిస్తూ బయటికొచ్చాడు. "తీసుకెళ్ళు మావయ్యా, నీ సామానే కదా. మరి నా సంగతి?"

"నీ సంగతేమిటి?"

"వానాకాలమంతా కంటికి రెప్పలా కాశాను. నేను ముడుచుకు పడుకుని, చోటంతా మీ కొడవళ్ళకిచ్చాను. కోసిన దాంట్లో సగం నాకిస్తే చాలు."

"నువ్వు గడ్డి తినవు కదరా!"

"నేనెందుకు తింటాను? వేసవిలో మీరే తింటారు. అప్పుడు చుక్కమ్మ పిన్ని ముంతెడు పాలు తెచ్చి పోస్తే మోపు గడ్డి ఇస్తాను. మీ గడ్డి మీకే చేరుతుంది, నా కడుపూ నిండుతుంది."

బొల్లయ్య తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. కొండలు ఎగిరెగిరి పడ్డాడు. "నేను వెళ్ళి వాడి తోక పట్టుకు లాగనా?"

"బొరియలోకి దూరినవాడి తోక నీకెక్కడ దొరుకుతుంది? కూర్చో" అంది చుక్కమ్మ. ఆమె నెమరు వేస్తున్నంతసేపూ ఆలోచిస్తుంది. గడ్డం కదలడం ఆగిందంటే ఆలోచన తెగిందన్నమాట. ఆగింది. "అన్నయ్యా, ఒప్పేసుకో."

"సగం పోతే వేసవిలో ఏం తింటామే? మళ్ళీ పాక కప్పేనా?"

"ఒప్పుకో అంటున్నాగా. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. వాడితో అబద్ధమన్నది ఆడకు. అడిగినదానికీ అడగనిదానికీ ఉన్నదున్నట్టు చెప్పు. మిగతాది వాడే చూసుకుంటాడు."

అబద్ధమాడటం బొల్లయ్యకు ఎలాగూ చేతకాదు కాబట్టి ఆ షరతు అతనికి కష్టమనిపించలేదు. సగం ఇస్తానని, కోత వరకే వాడుకుంటానని పానకాలుకు మాటిచ్చి సామాను తెచ్చుకున్నాడు. కష్టమల్లా దాన్ని చూశాక కలిగింది. పానకాలు పీతల కోసం కొడవళ్ళతో గట్లు తవ్వినట్టున్నాడు, అంచులు మొండిబారి, పిడుల దాకా తుప్పెక్కాయి. పంగలకర్రతో జామకాయలు రాల్చినట్టున్నాడు, ఒక కొన వంకరపోయింది. "కంటికి రెప్పలా కాశాడట!" అని గొణుక్కుంటూ కొండలు వాగులో రాయి మీద కొడవళ్ళు నూరుతూ కూర్చున్నాడు. చుక్కమ్మ మోకుల చిక్కులు విప్పింది. బొల్లయ్య ఇరుసుకు కందెన రాయించుకుని, శీలలు దిగ్గొట్టించాడు.

కోత మొదలైంది. కొండలు కోస్తున్నాడు, చుక్కమ్మ కొమ్ములతో గడ్డి పరుస్తోంది, బొల్లయ్య బండి లాగుతున్నాడు. పానకాలు గట్టు మీద నీడలో కాలు మీద కాలేసుకుని అజమాయిషీ చేస్తున్నాడు. మధ్యాహ్నానికి బీడంతా కోత అయిపోయింది.

పానకాలు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "నా సగం నాకిచ్చేయండి."

"ఇప్పుడే వద్దు అల్లుడూ" అన్నాడు బొల్లయ్య. "పచ్చిగడ్డి ఇది. ఎండలో తిరగేసి ఆరనివ్వాలి."

"ఆరితే ఏమవుతుంది?"

"నీరు పోతుంది. తేలికవుతుంది. ఇంత పెద్ద కుప్ప కాస్తంత అవుతుంది."

పానకాలు చెవులు నిక్కబొడిచాడు. చుక్కమ్మ వంక చూశాడు. ఆమె అటు తిరిగి తుమ్మకాయలేవో వెతుక్కుంటోంది. కొండలు వంక చూశాడు. వాడు నవ్వాపుకోలేక కొడవలి చాటున మొహం దాచుకున్నాడు. అది చూసి పానకాలుకు అనుమానం రూఢి అయిపోయింది.

"ఓహో! కుప్ప చిన్నదయ్యాక నాకు పంచుతారా? ఎవరికి చెప్తావు మావయ్యా! ఇప్పుడే కావాలి. పచ్చిదే కావాలి."

"పచ్చిది ఒకచోట కూరితే ఉడుకుతుందిరా! పొగలొస్తాయి, కుళ్ళుతుంది."

"గడ్డి తనంతట తాను ఉడుకుతుందా? పొయ్యి లేకుండానా?" పానకాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంత అమాయకుణ్ణనుకున్నావా నన్ను?"

వాటా ఏరుకోవడానికి బయల్దేరాడు. ప్రతి కుప్పనూ ఎత్తి చూశాడు. మెరక మీద గడ్డి సన్నగా, తేలిగ్గా ఉంది. వాగు ఒడ్డున కోసింది మాత్రం పచ్చగా నిగనిగలాడుతూ, ఎత్తితే చేతులు లాగేసేంత బరువుంది.

"ఇదీ సరుకంటే! నా సగం కింద ఈ ఒడ్డుదంతా నాది."

"అది తుంగ అల్లుడూ" అన్నాడు బొల్లయ్య, ఉండబట్టలేక. "నీరు తాగి బరువెక్కింది. ఎండితే పశువు మూతి పెట్టదు."

"మూతి పెట్టనిదాన్ని కోయడం ఎందుకు?"

"ఒడ్డు శుభ్రంగా ఉంటుందని."

"ఒడ్డు శుభ్రం కోసమట! విన్నావా కొండలూ? మంచి సరుకంతా మీరు దాచుకుని, నాకా సన్నగడ్డి అంటగడదామని చూస్తారా?"

తుంగంతా బండికెక్కించి బొరియ దగ్గరకు చేర్పించుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఇక సామాను కూడా లోపల పెట్టెయ్యండి. కోత వరకేనని నువ్వు మాటిచ్చావు మావయ్యా. వామికి మోసుకోవడం వేరే పని. దానికి మిగిలినదాంట్లో సగం."

ఈసారి చుక్కమ్మ గడ్డం ఆలోచన తెగకుండానే ఆగిపోయింది. ఇది ఆమె లెక్కలో లేదు. కానీ ఒక్క క్షణమే. "అలాగే నాయనా. గడ్డి ఆరాక మాట్లాడుకుందాం" అంది.

కొడవళ్ళు, పంగలకర్ర, మోకులు, శీలలు బొరియ చివరికి వెళ్ళాయి. వాటి ముందు తుంగను పానకాలు తొక్కి తొక్కి కూరాడు. మధ్యలో తాను పట్టేంత గూడు చేసుకుని, మెత్తగా ఉందని మురిసిపోతూ పడుకున్నాడు.

తిరిగొస్తున్న దారిలో బొల్లయ్య మనసు మనసులో లేదు. "చుక్కమ్మా, నాకిది బాగాలేదు. వాడు నమ్మడని తెలిసి చెప్పడం కూడా మోసమేనేమో."

"నువ్వు ఎన్నిసార్లు చెప్పావు?"

"చెప్పాల్సినంతా చెప్పాను."

"గట్టిగానే చెప్పావుగా? ఇంకా అనుమానముంటే రేపెళ్ళి మళ్ళీ చెప్పు."

అతను నిజంగానే మర్నాడు వెళ్ళాడు. బొరియ ముందు నిలబడితే వెచ్చటి ఆవిరి ముక్కుకు తగిలింది. "అల్లుడూ, వేడెక్కుతోంది, తీసి ఆరబెట్టు!"

"చలికాలం వస్తోందిగా మావయ్యా, వెచ్చగా హాయిగా ఉంది!" అని లోపల్నించి సమాధానం వచ్చింది. "నీకు ఓర్వలేనితనం పనికిరాదు."

రెండు ఎండలు కాసేసరికి మెరక గడ్డి కమ్మటి వాసనతో గలగలలాడింది. అది బీడంతా పరిచి ఉండగానే, మూడో రోజు పొద్దెక్కాక, కొండ వెనక నల్లటి మబ్బు లేచింది. బొల్లయ్య ఆత్రంగా చుట్టూ చూశాడు. బండి ఉంది, శీలల్లేవు. గడ్డి ఉంది, ఎత్తడానికి పంగలకర్ర లేదు, కట్టడానికి మోకులు లేవు. ఇదంతా తడిస్తే వచ్చే వేసవి గతేమిటి?

"చుక్కమ్మా, వాడడిగిన సగం ఇచ్చేద్దాం. సగమైనా దక్కుతుంది" అంటూ పరుగెత్తాడు. మిగతా ఇద్దరూ వెనకే పరుగెత్తారు.

వాళ్ళు వెళ్ళేసరికి బొరియ నోట్లోంచి తెల్లటి పొగ సుడులు తిరుగుతోంది. పుల్లబడ్డ కుడితి వాసన నలుదిక్కులా కొడుతోంది. ఆ పొగలోంచి పానకాలు దగ్గుకుంటూ, ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతూ, తోకను రెండు చేతులా పట్టుకుని బయటపడ్డాడు.

"మావయ్యా, బొరియ ఉడికిపోతోంది! పొయ్యి లేకుండానే ఉడికిపోతోంది! ఆ గడ్డి లాగెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

"అలాగే నాయనా" అంది చుక్కమ్మ, తొందరేమీ లేనట్టు. "పంగలకర్ర ఇటివ్వు."

"లోపలుంది పిన్నీ!"

"అయితే మోకు విసురు, బొల్లయ్యన్న లాగుతాడు."

"అదీ లోపలే ఉంది!"

"అయ్యో పాపం. చేతులతో కొమ్ములతో లాగాలంటే చాలా కష్టం. మేమెందుకు పడాలి ఆ కష్టం?"

"సామానంతా తీసుకుపొండి పిన్నీ! వాటా వద్దు, సగం వద్దు, ఇంకెప్పుడూ మీ గడ్డి జోలికి రాను!"

ఆమె ఇంకా ఏమో అడగబోతోంది గానీ, బొల్లయ్య అప్పటికే తుంగలోకి కొమ్ములు దింపేశాడు. అతనికి ఒకవైపు మబ్బు కనిపిస్తోంది, మరోవైపు ఆ దగ్గు వినిపిస్తోంది. కొండలు దోసిళ్ళతో తోడాడు, చుక్కమ్మ కాళ్ళతో గీకింది. కుళ్ళిన తుంగ ముద్దలు ముద్దలుగా బయటపడింది. చివరికి శీలలు కొండలు చేతికి తగిలాయి, కాలేంత వేడిగా.

సామాను తీసుకుని ముగ్గురూ బీడుకు పరుగెత్తారు. శీలలు దిగాయి, బండి కదిలింది. కొండలు పంగలకర్రతో ఎత్తి వేస్తే చుక్కమ్మ తొక్కింది. బొల్లయ్య నురగలు కక్కుతూ తిరిగాడు. ఆఖరి మోపు వామి మీద పడి, పైన గడ్డి వాలుగా కప్పేసరికి మొదటి చినుకు అతని వీపు మీద టప్పున రాలింది. బొల్లయ్య చర్మం వణికించి ఆ చినుకును దులపకుండా అలాగే ఉండనిచ్చాడు.

సామాను తుడిచి పాకలో పెట్టుకున్నారు. వాన దంచికొడుతోంది. బయట పానకాలు తడిసి సగమైపోయి, కంపు కొట్టే బొరియలోకి వెళ్ళలేక, చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

బొల్లయ్య పాక గుమ్మంలోంచి పిలిచాడు. "అల్లుడూ, లోపలికి రా. ఇక్కడ పొడిగా ఉంది, చోటుంది. ఎవరూ ఏమీ అనరు."

పానకాలు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆగాడు. కళ్ళు చిట్లించి పాకలోకి చూశాడు. కొండలు అరటిపండు ఒలుచుకుంటున్నాడు. చుక్కమ్మ నెమరు వేస్తోంది.

"ఊరికే రమ్మంటారా? ఇందులో ఏదో ఉంది" అనుకున్నాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకుని, వాన వెలిసేదాకా ఆ చెట్టు కిందే తడుస్తూ నిలబడ్డాడు.

అందరినీ మోసం చేసేవాడికి ఎదుటివాడు చెప్పే నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.