కూర్మారావు మార్చిన నిబంధన

రేవుపట్నంలో కూర్మారావు అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. అందరికీ మంచివాడే గానీ, అధికారి ఎవరైనా ఎదురుగా నిలబడితే ఆయన నోటికి ‘కాదు’ అనే మాట వచ్చేది కాదు.

ఆ ఊళ్ళో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న చిన్న సంస్థలు చాలా ఉండేవి. ఒక వీధి నుంచి పక్క వీధికి వెళ్ళాల్సిన కబురు ఎక్కడో మహానగరం దాకా వెళ్ళి తిరిగి రావడం ఎందుకని, వాళ్ళంతా కలిసి ఒక గది తీసుకుని, తమ తీగలన్నీ అక్కడికి తెచ్చి కలుపుకున్నారు. దాన్ని ఎక్స్ఛేంజి అనేవారు. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు, సభ్యులందరిదీ. పెద్ద సంస్థకైనా చిన్న సంస్థకైనా ఒకటే ఓటు. ఆ గదిలో కొత్త పరికరం ఏది పెట్టినా ముందుగా సభ్యులందరికీ చెప్పాలని మొదట్లోనే నిబంధన రాసుకున్నారు. ఎవరితోనూ తగువు పడడని కూర్మారావును అధ్యక్షుణ్ణి చేశారు.

ఒకనాడు రాజధాని నుంచి దివాకరం అనే అధికారి వచ్చాడు. కూర్మారావు చేతికి ఒక ఉత్తర్వు ఇచ్చాడు.

“మా పెట్టె ఒకటి మీ గదిలో పెడతాం. అక్కడినుంచి పోయే ప్రతిదాని నకలూ మాకు చేరుతుంది. ఈ ఉత్తర్వు వచ్చిందన్న సంగతి కూడా మీరు ఎవరికీ చెప్పకూడదు. చెబితే జైలు” అన్నాడు.

“ఎవరిమీద అనుమానం సార్?” అని అడిగాడు కూర్మారావు.

“అది మీకు అనవసరం. అందరివీ తీసుకుంటే, కావలసినవి మేమే ఏరుకుంటాం.”

“సభ్యులకు చెప్పకుండా ఏదీ పెట్టకూడదని మాకు నిబంధన ఉంది సార్” అన్నాడు కూర్మారావు మెల్లగా.

“అయితే నిబంధన మార్చండి” అన్నాడు దివాకరం, టీ తెప్పించమన్నంత తేలిగ్గా.

“అలాగే సార్” అన్నాడు కూర్మారావు.

కొద్దిరోజులకే సర్వసభ్య సమావేశం జరిగింది. గదికి సంబంధించిన కొన్ని నిర్ణయాలు సభ్యులకు చెప్పకుండా అధ్యక్షుడే తీసుకోవచ్చనీ, వాటి గురించి ఎవరూ ప్రశ్నించరాదనీ కూర్మారావు ఒక ప్రతిపాదన చదివాడు.

జానకి అనే సభ్యురాలు లేచి నిలబడింది. రేవు పక్కనున్న జాలరిపేటకు ఇంటర్నెట్ ఇచ్చేది ఆమే. “ఏ నిర్ణయాలు బాబాయ్?” అని అడిగింది.

“చిన్నచిన్నవేనమ్మా. ప్రతిదానికీ మిమ్మల్ని పిలిపించడం ఎందుకని” అన్నాడు కూర్మారావు.

ఆయన అబద్ధమాడగా ఎవరూ వినలేదు. అందుకే నమ్మి చేతులెత్తారు. జానకీ ఎత్తింది. ఆ వారమే పెట్టె గదిలోకి వచ్చింది.

ఆ రోజుల్లో జాలరిపేటను ఖాళీ చేయించి, అక్కడ పెద్ద పెద్ద గోదాములు కట్టాలని ప్రభుత్వం చూస్తోంది. పేటవాళ్ళు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళదామని లాయర్లతో మాట్లాడుకుంటున్నారు. అయితే వాళ్ళు ఇంటర్నెట్ మీద ఏ లాయరుతో మాట్లాడినా, ఆ లాయరు మర్నాడు తనకు తీరిక లేదనేవాడు. ఏ విలేకరికి కబురు పెట్టినా, అంతకుముందే ఆ విలేకరి ఇంటికి ఎవరో వెళ్ళి బెదిరించి వచ్చేవారు. తమ సంగతులు ఎవరో మోస్తున్నారని పేటవాళ్ళకు అర్థమైంది. ఎవరో మాత్రం అర్థం కాలేదు. చివరికి అందరి చూపూ జానకి మీద పడింది.

“మా కబుర్లన్నీ నీ తీగలోంచే పోతున్నాయి. మమ్మల్ని నువ్వే పట్టించావు” అన్నారు. ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. తీగలు తెంచారు. వీధిలో ఆమెను పలకరించేవాళ్ళు లేకుండా పోయారు.

జానకి కూర్మారావు ఇంటికి వచ్చింది. “బాబాయ్, నా వైపు అంతా వెతికాను. ఏ లోపమూ లేదు. మన గదిలో ఏమన్నా జరిగిందా?” అని అడిగింది.

కూర్మారావు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. “నాకేం తెలియదమ్మా” అన్నాడు.

ఆమె వెళ్ళిపోయాక ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడే బయలుదేరి దివాకరం దగ్గరికి వెళ్ళాడు. “ఆ పెట్టె తీసేయండి సార్. ఏ పాపమూ తెలియని ఆడమనిషి మీద నింద పడింది” అని బతిమాలాడు.

దివాకరం నవ్వాడు. “పడనివ్వండి. ఆవిడ మీద అనుమానం ఉన్నంతకాలం మన జోలికి ఎవరూ రారు” అన్నాడు.

ఆ ‘మన’ అన్న మాట కూర్మారావుకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. జాలరుల గూడు కూల్చేవాళ్ళ పక్కన, జానకిని బలిపెట్టేవాళ్ళ పక్కన తనూ నిలబడి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు నమస్కారం పెట్టకుండా లేచి వచ్చేశాడు.

తిన్నగా రజియా అనే లాయరు దగ్గరికి వెళ్ళి, ఉత్తర్వు ఆమె ముందు పెట్టాడు. “లాయరుకు చూపించినా జైలేనేమో. అయినా సరే” అన్నాడు.

ఆమె మొత్తం చదివి తలెత్తింది. “లాయరును అడగకూడదని ఇందులో లేదు. దీనిమీద కోర్టుకు వెళ్ళకూడదనీ లేదు. సరే, మీ సంఘం నిబంధన మార్చమని ఎక్కడుంది?”

“ఆయన నోటితో చెప్పాడమ్మా.”

“అది అడిగే అధికారం ఆయనకు లేదు కూర్మారావుగారూ. వాళ్ళు లాక్కోలేనిదాన్ని మీరే చేతిలో పెట్టారు.”

కూర్మారావు ఆ ఉత్తర్వు మీద కోర్టులో దావా వేయమన్నాడు. సభ్యులను పిలిపించి, వాళ్ళ ముందు నిలబడ్డాడు.

“మీ దగ్గర ఒక సంగతి దాచాను. అదేమిటో చెప్పే వీలు ఇప్పటికి లేదు. కానీ జానకి ఏ తప్పూ చేయలేదు. చిన్నచిన్న నిర్ణయాలని మీకు అబద్ధం చెప్పి, ప్రశ్నించే హక్కు మీ నుంచి తీసేసింది నేను. ఆ నిబంధన ఈరోజే కొట్టేయండి. అధ్యక్షుడిగా నన్నూ తీసేయండి” అన్నాడు. సభ్యులు కోపంతో రగిలిపోయారు. రెండూ చేశారు.

ఆ మాత్రం మాటకే రహస్యం బయటపెట్టాడని దివాకరం ఆయన మీద కేసు పెట్టించాడు. కూర్మారావు కొంతకాలం జైల్లో ఉన్నాడు. చివరికి దావా విచారణకు వచ్చింది. “అనుమానం ఉన్న మనిషి పేరు చెప్పండి. ఊరందరినీ దొంగలుగా చూడమని ఏ చట్టమూ మీకు చెప్పలేదు” అన్నాడు జడ్జి. పెట్టె తీసేశారు. సంగతంతా బయటపడింది. దివాకరానికి మాత్రం ఏ శిక్షా పడలేదు. ఇంకా పెద్ద పదవి ఇచ్చి వేరే ఊరికి పంపారు.

పేటవాళ్ళు సిగ్గుపడి జానకిని వెనక్కి రమ్మన్నారు. ఆమె అప్పటికే అన్నీ వదులుకుని, పొరుగూళ్ళో ఒక దుకాణంలో పనికి కుదిరింది. జైలు నుంచి వచ్చిన కూర్మారావు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది.

“నన్ను క్షమించమ్మా. చెబితే జైలన్నారు, భయపడ్డాను” అన్నాడు.

“భయపడినందుకు కాదు బాబాయ్ నా బాధ. ఆరోజు ‘చెప్పలేను’ అని ఉంటే నాకు అర్థమయ్యేది. ‘తెలియదు’ అన్నారు. ఆ ఒక్క మాటతో నన్ను ఒంటరిదాన్ని చేశారు” అంది జానకి. ఆమె మరి రేవుపట్నం రాలేదు.

నీతి: మనల్ని నమ్మి బాధ్యత అప్పగించినవాళ్ళను చీకట్లో ఉంచమని ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ‘ఏ హక్కుతో చెబుతున్నారు’ అని అడగనిదే తలూపకూడదు, అలా తలూపినవాడు ఆ అన్యాయంలో భాగస్తుడే అవుతాడు.