ముఖం లేని ఆకుగుడి తల్లి

తాటివలస దాటి తూర్పుగా నడిస్తే, జీడితోటల చివర ఇసుక మెట్ట మీద ఆకుగుడి కనిపిస్తుంది. గోడలు లేవు, గోపురం లేదు. పన్నెండు రాటల మీద తాటాకు కప్పు, దాని కింద పచ్చిమట్టి తల్లి కొలువై ఉంది. అమ్మవారికి ముఖం లేదు. ఎదుట నిలబడి తల ఎత్తి చూస్తే, కప్పులో ఒక వరస ఆకు లేక ఆకాశం కనబడుతుంది. కొత్తగా వచ్చిన భక్తులు గుడివాళ్ళకు శ్రద్ధ లేదని నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసిన మాటే గాని, దాని వెనుక కథ వేరు.

పూర్వం ఇక్కడ ఇరవైయొక్క గడపలు ఉండేవి. అమ్మవారి మట్టిని కుమ్మరి ఆవంలో కాల్చరాదని కట్టుబాటు. అందువల్ల వానల్లో ఆమెకు ఆ కప్పే దిక్కు. రోహిణి కార్తెలో ఇంటింటివారూ ఆకు కొట్టి, మృగశిర రాకముందే తమ వరస తాము నేసేవారు. గుడి ఊడ్చి దీపం పెట్టే పని కుమ్మరి అసిరితల్లిది. పిల్లలు లేరు, పెనిమిటి పోయాడు. అమ్మవారి ముఖం దిద్దింది ఆ పెనిమిటే. అతని చేతిపనిలో ఆమెకు మిగిలింది అదొక్కటే గనుక, రోజూ ఆ ముఖం చూడందే గంజి ముట్టేది కాదు.

ఒక ఏడు పెద్దనాయుడు తన ఇంటికి పెంకు వేయించాడు. ఇంటికి అక్కరలేని ఆకును గుడికోసం మాత్రం ఎవరు కొడతారు? ఆయన వరస రాలేదు. పెద్దింటివారిని అడగడానికి మొగమాటపడి, అసిరితల్లే పొట్టి తాటిచెట్ల ఆకు కోసి ఆ వరస నేసింది. ఎవరూ గమనించలేదు. మరుసటి ఏడు మరో రెండిళ్ళకు పెంకులు వచ్చాయి. ఆరేళ్ళు తిరిగేసరికి పది ఇళ్ళ వరసలు ఆమె మీద పడ్డాయి. అడిగి లేదనిపించుకోవడం కంటే ఆకు కోయడమే ఆమెకు సులువనిపించింది. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు?

ఏడో ఏడు మోకాలు వాచి ఆమె కదలలేకపోయింది. కర్ర పట్టుకుని మొదటిసారి గడప గడపకూ వెళ్ళింది.

"మేం తేపోయినా ఏటేటా కప్పు నిండుగానే ఉంటంది గదే అసిరితల్లీ! అమ్మే సూసుకుంటాది," అన్నాడు పెద్దనాయుడు.

నేసింది నేనేనని చెబుదామనుకుంది. కాని కర్ర ఊనుకుని పక్క గడపకు కదిలింది. పక్కింటామె, "ఒక్క మా వరస లేపోతే అమ్మ తడిసిపోతాదేటి?" అని నవ్వింది. పది ఇళ్ళలోనూ ఇంచుమించు అదే మాట.

మృగశిర ముంచుకొచ్చింది. అసిరితల్లి తన గుడిసె కప్పు పీకి, ఆ ఆకు తెచ్చి వేసింది. తన వరస కాక మరో రెండు వరసలకు సరిపోయింది. ఎనిమిది సందుల్లోంచి వాన ధారలు కట్టింది. ఆమె అమ్మవారిని కావలించుకుని వీపు అడ్డుపెట్టింది. ఒక్క వీపు ఎన్ని సందులకు అడ్డం పడుతుంది? మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. మూడోనాటి మధ్యాహ్నం కునుకు పట్టగా, కలలో తల్లి పలికింది.

"వాళ్ళ వరసలు నువ్వేశావు. నీ వీపు చాటున వాళ్ళు నన్ను మరిచారు."

ఉలిక్కిపడి లేచేసరికి పెనిమిటి దిద్దిన ముఖం ఆమె భుజం మీద మట్టిముద్దయి ఉంది. అసిరితల్లి గుండె బద్దలయ్యేలా ఏడ్చింది.

వాన వెలిశాక ఊరంతా వచ్చింది. పెద్దనాయుడు కన్నీరు పెట్టుకుని, "గుడికి పెంకేయిస్తాను, మొగం మళ్ళీ సెయ్యవే," అని బతిమాలాడు.

"మొగం సేసినోడు లేడు బాబూ, నాను సెయ్యను. పెంకేస్తే మీరు మళ్ళీ రారు. ఏటేటా కుళ్ళే ఆకే ఉండాల. ఒకరి వరస ఇంకొకరు ఎయ్యకండి. ఆరేళ్ళు నానేసినాను, తప్పు నాది కూడా."

ఆ నెలలోనే ఆమె జ్వరంతో కన్నుమూసింది. వారసులు లేని ఆమె వరసను, ఆమె మాట ప్రకారమే, నేటికీ ఎవరూ నేయరు.

భక్తులు తొలకరి నాడు ఆ సందు కింద నిలబడి, క్షణకాలం వీపు వంచి తడుస్తారు. అలా తడిసినవారి ఇంటి కప్పు ఏ గాలివానకూ లేవదని ఇక్కడివారి నమ్మకం. ఈ అమ్మను వరాలు అడిగే ఆచారం లేదు. ఊరివారు ఆకు నేసి, "నా వరస ఏశానమ్మా" అని చెప్పి దిగిపోతారు.

ఈ ఏడు ఇరవై ఇళ్ళలో మూడిళ్ళవారు రాలేదు. మొన్నటి వానలకు అమ్మవారి ఎడమచేతి వేళ్ళు కరిగిపోయాయి. ఆ ఇళ్ళవారు ఎక్కడున్నా, ఈ స్థలపురాణం పుస్తకం కంటబడితే, వచ్చే మృగశిరకు ముందే రావలసిందిగా మనవి. మీ వరసలు ఖాళీగానే ఉన్నాయి.